కరస్పాండెంటు గారి బూటు ముడి

"బూటు లేసు కట్టుకోలేని పిల్లవాడు జీవితంలో దేన్నీ కట్టలేడు. ఇల్లు కట్టలేడు, ఊరు కట్టలేడు, ఈ దేశాన్ని ఒక్కతాటి మీద నిలబెట్టలేడు."

కణేకల్లులో నరసింహప్ప ఇంటర్నేషనల్ స్కూలు కరస్పాండెంటు నరసింహప్ప గారు ఈ సత్యాన్ని జూన్ నెలలో, బడి తెరిచిన రోజున, మైకులో ప్రకటించారు. ఇంటర్నేషనల్ అని ఎందుకంటే, సరిహద్దు దాటి కర్ణాటక పల్లెల నుంచి కూడా పిల్లలు ఆటోల్లో వస్తారు. అంతకుముందు ఆయన వేరుశెనగ కాయల మిల్లు నడిపేవారు. వానలు మొహం చాటేసి, వేరుశెనగ పండక, మిల్లు మూతపడి గోడౌను ఖాళీగా ఉంటే, అందులో అడ్డగోడలు లేపి ఇంగ్లీషు పండించడం మొదలుపెట్టారు. ఆ పంటకు వానతో పని లేదు.

"పట్టీ బూట్లు సోమరితనానికి పునాది" అని ఆయన కొనసాగించారు. "రేపట్నుంచి లేసు బూట్లు లేనిదే గేటు దాటనీం. వార్షికోత్సవం నాడు ఎంఈవో గారి ముందర, యూకేజీ పిల్లలు స్టేజి మీద ఎవరి లేసు వాళ్లు కట్టుకోవాల. కట్టుకోలేనోళ్లకు ఒకటో తరగతిలో సీటు లేదు."

తల్లుల గుంపులో నిలబడిన హేమ వంగి కూతురి కాళ్ల వంక చూసింది. ప్రసూన కాళ్లకు ఉన్నవి పట్టీ బూట్లే. వాళ్ల నాయన అనంతపురం నుంచి తెచ్చాడు. పట్టీని అదిమితే అతుక్కుంటుంది, లాగితే చర్రుమని ఊడుతుంది. అందుకే పిల్లలు వాటిని చర్రు బూట్లంటారు. ఐదేళ్ల పిల్ల ఎవరి సాయమూ లేకుండా బూట్లు తొడుక్కుంటుందని హేమ ఇన్నాళ్లూ మురిసిపోయింది. అది దేశానికి ఇంత ప్రమాదమని ఆమెకు తెలియదు.

తెలియకపోవడం హేమకు కొత్త కాదు. ఎనిమిదో తరగతిలో ఉండగా, చంటి తమ్ముణ్ణి చూసుకునేవాళ్లు లేరని ఇంట్లోవాళ్లు బడి మాన్పించారు. బడికి వెళ్లినన్నాళ్లూ ఆమె కాళ్లు ఉత్త కాళ్లే. పెళ్లయ్యాక చెప్పులొచ్చాయి. లేసు అనేదాన్ని ఎటు పట్టుకుని ఎటు లాగాలో ఆమెకు ఎవరు చెప్పారు గనుక? నోటీసు బోర్డు మీద ఏ కాగితం అంటించినా, అది తనను పట్టుకోవడానికే అంటించారనుకునే భయం మాత్రం ఆ ఆగిపోయిన చదువుతోపాటు మిగిలిపోయింది. తన కూతురి చదువు ఒకటో తరగతి గడప దగ్గరే ఆగిపోతుందేమోనని ఆ రోజు నుంచీ ఆమెకు అన్నం సయించలేదు.

ఆ బడిలో ఇంకో చిక్కుంది. గోడౌను గోడ మీద మిల్లు కాలం నాటి లక్ష్మీదేవి పటాన్ని తీసే ధైర్యం ఎవరికీ లేదు. బడి పెట్టాక పక్కనే సరస్వతీదేవి పటం కూడా చేరింది. ఇద్దరు తల్లులు ఉన్నచోటికి ఎవరూ కాళ్లకేమీ వేసుకుని రాకూడదు. కాబట్టి బడికి బూట్లు తప్పనిసరి. బడి లోపల బూట్లు నిషేధం. రెండు నోటీసులూ బోర్డు మీద పక్కపక్కనే ఉండేవి. కింద సంతకం ఒక్కరిదే.

అంటే ఏమిటి? గేటు దగ్గర ముడి ఉండాలి. వరండాలో విప్పాలి. ఆటలకు మళ్లీ కట్టాలి. గంట కొట్టగానే మళ్లీ విప్పాలి. మధ్యలో ఒంటికి వచ్చిందంటే ఆ తల్లులే దిక్కు. యూకేజీ టీచరు సువార్త రోజులో సగం సేపు వరండాలో గొంతుకూర్చుని ముడులు వేస్తూ ఉండేది. దసరా సెలవులు వచ్చేసరికి యూకేజీ ఇంగ్లీషు 'ఎల్' అక్షరం దాటలేదు.

హేమ మొదట మొగుణ్ణి అడిగింది. వెంకటరాముడు ఆటో తోలుతాడు.

"పిల్లకు లేసు కట్టేది నేర్పియ్యి."

"నాకేం తెలుసే? పుట్టినప్పట్నుంచీ చెప్పులే గదా. ఆటోకు లేసులుంటే అడుగు."

తరువాత సువార్త టీచర్ని అడిగింది. సువార్త ఆ పూట పదో పన్నెండో ముడి వేస్తూ తలెత్తకుండానే చెప్పింది. "అక్కా, ఈ పిల్లోళ్ల వేళ్లకు బలపం పట్టుకునేదే సరిగ్గా రాదు. నేను ఏడో తరగతిలో నేర్చుకున్న్యా. ఆ మాట సారుకు చెప్తే, నువ్వూ సోమరివే అంటాడు."

"నాకన్నా నేర్పియ్యి, నేను ఇంట్లో చెప్పుకుంటా."

హేమ నేర్చుకుంది. కూతురికి నేర్పబోయింది. ప్రసూన నాలుక బయటపెట్టి, లేసును రెండు చెవులుగా చేసి, ఒకదాన్ని ఇంకోదాంట్లో దూర్చబోయేసరికి రెండూ జారిపోయేవి. మళ్లీ చేసేది. మళ్లీ జారేవి. కొన్నాళ్లకు బడి అనగానే కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది. ఒకరోజు తెల్లవారి దుప్పటి లాగితే పిల్ల బూట్లతోనే పడుకుని ఉంది.

"ఇదేం పాపా, బూట్లిప్పలేదా?"

"ఇప్పితే మల్లా కట్టల్ల గదమ్మా" అంది ప్రసూన, నిద్ర కళ్లతోనే.

హేమ పోయి కుట్టుమిషను ముందు కూర్చుంది. ఊళ్లోవాళ్లకు రవికలూ, పిల్లల లంగాలూ కుట్టిపెట్టడం ఆమెకు అలవాటు. మిషను మీద నల్ల ఎలాస్టిక్ చుట్ట ఉంది. దాని వంక చూసింది. బూటు వంక చూసింది. మళ్లీ ఎలాస్టిక్ వంక చూసింది. భయపడే మనిషికి తెలివి ఎక్కడినుంచి వస్తుందో గాని, ఆ పూట వచ్చింది.

లేసును బూటు నాలుక కింద కోసేసి, రంధ్రాల వెనకనుంచి ఎలాస్టిక్ ముక్కలు అతికి కుట్టింది. పైకి కనిపించే లేసు పైనే ఉంది. దానికి సువార్త టీచరు చేత చక్కటి ముడి ఒక్కసారి వేయించి, ఆ ముడి ఇక జన్మలో ఊడకుండా నల్లదారంతో కుట్టేసింది. కాలు పెడితే బూటు సాగుతుంది, తీస్తే ముడుచుకుంటుంది. బయటికి క్రమశిక్షణ, లోపల లంగా ఎలాస్టిక్.

"స్టేజి మీద కూర్చోని, వంగి, వేళ్లు ఊరికే ఆడించు. పక్కనుండే పిల్లోళ్లు లేస్తే నువ్వూ లెయ్" అని కూతురికి నేర్పింది.

"అబద్ధం గదమ్మా?"

"అబద్ధం కాదు. డ్యాన్సులో నువ్వు నెమలివైనావు గదా, అట్లా యాక్షను."

ప్రసూనకు సమాధానం నచ్చింది. హేమకే నచ్చలేదు. పట్టుబడితే సీటు పోవడం అటుంచి, మోసం చేసిన పిల్ల అని ముద్ర పడుతుందని ఆమెకు భయం.

వార్షికోత్సవం ఆదివారం పెట్టారు. నాలుగున్నరకు రాహుకాలం గనుక, దీపం అంతకుముందే వెలిగించాలని పూజారి అయ్యవారు గట్టిగా చెప్పారు. ఎక్కడైనా దీపం ముందు, ఉపన్యాసం తరువాత. కాని నరసింహప్ప గారికి ముందు మైకు చేతికందింది. కోటు, టై, తళతళలాడే నల్ల బూట్లు వేసుకొచ్చిన ఆయన లేసు మీద ఎంత సేపు మాట్లాడారంటే, ముందు వరుసలో కూర్చున్న ఎంఈవో గారు ఒక కునుకు తీసి లేచారు. లేవగానే, నిద్రపోలేదని చూపించుకోవడానికి ఏదో ఒకటి అనాలి గదా.

"చాలా బాగా చెప్పినారు. పిల్లలకంటే ముందు మీరే ఒకసారి కట్టి చూపిస్తే, వాళ్లకు ఆదర్శంగా ఉంటుంది."

చప్పట్లు మోగాయి. నరసింహప్ప గారు కుర్చీలో కూర్చుని వంగారు. పిల్లల పాటల కోసం కిందికి దించిన మైకు ఆయన మోకాళ్ల దగ్గరే ఉంది. లేసు కొస పట్టి లాగారు. సుతారంగా ఊడింది. ఆయన ముఖం వెలిగింది. రెండోది కూడా ఊడింది. తరువాత రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని, ఆడవాళ్ల వైపు కూర్చున్న భార్య సుబ్బరత్నమ్మ వంక చూశారు. ఆమె గాలిలో వేళ్లతో ఏదో చుట్టి చూపించింది. ఆయనకు అర్థం కాలేదు.

అప్పుడు ఆయన తన చేతులకు వచ్చిన ముడే వేశారు. అది కాయల మూట మూతికి బిగించే ముడి. కాలు తన్నిపెట్టి, పళ్లు బిగించి, రెండు బూట్లకూ లాగి లాగి వేశారు. మిల్లులో ఆ ముడిని ఎవరూ విప్పరు, కొడవలితో కోస్తారు. ఆ సంగతి చప్పట్లు కొట్టినవాళ్లకు గుర్తు రాలేదు. అయ్యవారు "దీపం, దీపం" అని కేకేసినప్పుడు ఆయనకే గుర్తొచ్చింది.

దీపం దగ్గరికి బూట్లతో పోకూడదు. ఆయన వంగి గోళ్లతో గీకారు. మడమ పట్టి లాగారు. వాచ్‌మన్ తిప్పన్న వచ్చి ఒక కాలు పట్టుకున్నాడు, ఆటో వెంకటరాముడు రెండో కాలు పట్టుకున్నాడు. కరస్పాండెంటు గారు కుర్చీతో సహా స్టేజి అంచు దాకా వచ్చారు గాని, బూటు రాలేదు.

"టైమయిపోతాండాది సామీ" అన్నారు అయ్యవారు.

సుబ్బరత్నమ్మ ఇక కూర్చోలేకపోయింది. స్టేజి ఎక్కి, మొగుడి కాళ్ల దగ్గర వంగి, ముడి చూసి తల కొట్టుకుంది. "దినామూ నేనే గదా కట్టేది. పొద్దున కట్టింది అట్లే పెట్టుకోకుండా, నీకెందుకు వచ్చింది ఈ తిప్పలు?"

మోకాళ్ల దగ్గరి మైకు ఆ మాటను బస్టాండు దాకా వినిపించింది.

"ఎవరో ఒకరు చిన్నపిల్లను పిలవండి. పిల్లలు దేవుళ్లతో సమానం, ఎవరు వెలిగించినా ఒకటే" అన్నారు అయ్యవారు. సువార్త టీచరు వరుసలో ఉన్న యూకేజీ పిల్లలతో "బూట్లిప్పండి" అంది. పిల్లలంతా కూలబడి లేసులతో కుస్తీ మొదలుపెట్టారు. ప్రసూన కూలబడలేదు. ఒక కాలితో రెండో మడమ నొక్కింది, రెండో కాలితో మొదటి మడమ నొక్కింది, ఉత్త కాళ్లతో పోయి దీపం వెలిగించింది. అయ్యవారు గడియారం చూసుకుని ఊపిరి పీల్చుకున్నారు.

హేమకు మాత్రం ఊపిరి ఆగింది. స్టేజి మధ్యలో కూతురి బూట్లు పడి ఉన్నాయి, ముడులు చెక్కుచెదరకుండా. ఎంఈవో గారు పోయి ఒకటి చేతికి తీసుకున్నారు. ముడిని గిల్లారు. బూటును సాగదీశారు. అది సాగి, మళ్లీ ముడుచుకుంది.

"ఇదేందప్పా? ముడి ఇప్పకుండానే ఊడొచ్చింది?"

హేమ రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది. సీటు పోయిందనుకుంది. నరసింహప్ప గారు ఆమె వంక చూశారు, బూటు వంక చూశారు. ఆయన పాదాల దగ్గర తిప్పన్న కొడవలితో కొత్త లేసులు కోస్తున్నాడు. మోసమని అంటే ఈ సభలో నవ్వు ఎవరి మీదికి వస్తుందో ఆయనకు లెక్క తెలుసు.

"అది మేమే కనిపెట్టినాం సార్" అన్నారు మైకులో. "ఏడాదంతా రీసెర్చి చేసినాం. లేసు మర్యాదా పోదు, పిల్లల టైమూ పోదు. ఈ పొద్దు మీ ముందర పెడదామని ఇంతవరకూ బయటపెట్టలే."

ఎంఈవో గారు లేచి మరీ చప్పట్లు కొట్టారు. రాహుకాలం రావడంతో పిల్లల లేసు పరీక్ష రద్దయింది. యూకేజీ అంతా పాసు.

సెలవుల్లో సుబ్బరత్నమ్మ హేమ ఇంటికి వచ్చింది. వెనక ఆటోలో గోతాల నిండా బూట్లు. పేరు కూడా పెట్టేశారు: నరసింహప్ప సులభ పాదరక్ష. పక్కన ఎర్ర గుడ్డతో బడి సీలు కుట్టాలి. పిల్లలంతా మిల్లు ఆఫీసులోనే కొనాలి.

"కూలి అడగాకమ్మా" అంది సుబ్బరత్నమ్మ. "పిల్లకు సీటిచ్చినాం గదా. ఇవి కుట్టిపెడితే నీకూ మాకూ సరిపోతాది."

హేమ సరేనంది. సీటు అన్న మాట వినిపిస్తే ఆమె దేనికైనా సరేనంటుంది. సుబ్బరత్నమ్మ లేవబోతూ, కొంగు చాటునుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. లోపల పెద్ద సైజు నల్ల బూట్లు.

"ఇవి గుడక అట్లనే కుట్టు. నా నడుము వంగేది లేదింక. ఎవురికీ చెప్పాకు."

బడి తెరిచిన రోజున నరసింహప్ప గారు స్వయంగా గేటు దగ్గర నిలబడి పిల్లల కాళ్లు చూస్తున్నారు. కోటు, టై, తలకు టోపీ వేసుకున్నారు గాని కాళ్లకు చెప్పులున్నాయి. ప్రసూన ముందుకు రాగానే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఏమ్మా, ఈ బూట్లకు సీలేదీ?"

"ఇవి ముందర కుట్టినవి సార్" అంది హేమ. "వీటిని చూసే గదా మీరు అన్నీ కుట్టిచ్చింది."

"అదంతా తెలీదు. బయట కుట్టిన బూట్లు ఈ గేటు దాటవు. మిల్లాఫీసుకు పోయి సీలుండేవి కొనుక్కో."

"ఆ సీలు కుట్టింది నేనే గదా సార్."

"నువ్వే అయితే ఏమి? రూలు రూలే. ఇంటికి తీసకపో పిల్లను."

ప్రసూన తల్లి కొంగు పట్టుకుంది. వెనక తల్లుల వరుస ఆగింది. హేమ కూతురి వంక చూసింది, తరువాత కరస్పాండెంటు గారి చెప్పుల వంక చూసింది.

"సరే సార్, రూలు ప్రకారమే పోదాం. మీ బూట్లు కుట్టేది నిన్ననే అయిపోయింది. మా ఇంట్లోనే ఉండాయి. వాటికీ సీలు వెయ్యలే. ఇంటికి పంపమంటారా, అందరూ ఉండారు, ఈడికే తెమ్మంటారా?"

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. నరసింహప్ప గారు టై సర్దుకున్నారు. వాచ్‌మన్ వైపు తిరిగారు.

"ఏం చూస్తాండావు తిప్పన్నా? గేటు తియ్యప్పా. పిల్లలకు ప్రేయరు టైమైతాండాది."

ఆ ఉదయం ప్రేయరులో ఆయన బూట్ల ఊసెత్తలేదు. తల దువ్వుకోవడం రాని పిల్లవాడికి దేశభక్తి అబ్బదని చాలాసేపు మాట్లాడారు. అంతసేపూ టోపీ మాత్రం తియ్యలేదు.