జానెడు బల్ల జయించిన కాజాల వీరనారి

భానుమండలము నడినెత్తిన నిలిచి నిప్పులు చెరుగుచుండగా, నలువది కుట్టుమిషన్ల భీకరఘోష ఒక్కపెట్టున అణగిపోగా, ఆ బుధవారము ఒంటిగంటకు ఆ కుట్టుశాలలో భోజనవిరామమను మహాముహూర్తము సంప్రాప్తించెను.

అంతట చొక్కాలకు కాజాలు కుట్టు కొత్తపిల్ల, సూచీసంగ్రామధురంధర, స్టీలు డబ్బాను కవచమువలె గుండెలకు హత్తుకొని లేచెను. అందున్నది వెల్లుల్లి దండిగా దంచివేసిన వంకాయకూర. పనిలో చేరిననాడే దాని మూత తీయగా, "అబ్బబ్బా, ఏంటమ్మా ఆ కంపు!" అని సూపర్‌వైజరమ్మ ముక్కు మూసుకొనెను. నాటినుండి ఆ పిల్లకు 'వెల్లుల్లి' అని పేరు స్థిరపడెను. పదునొకండు దినములు మెట్లమీద ఏకాంతభోజనమను వనవాసము చేసెను. పిమ్మట వెల్లుల్లి లేని కూర తెచ్చుకొనెను గాని, ఎవరింటి కూరో తిన్నట్లుండి ముద్ద దిగలేదు. నేటి ఉదయమున తల్లి, "వాళ్ల ముక్కుల కోసం మన నోళ్లు కట్టేసుకుంటామా? ఇవాళ బల్ల మీదే కూర్చుని తిను" అని నాలుగు రెబ్బలు ఎక్కువే దంచి పంపెను.

భోజనాల పొడుగుబల్లపై పదిమంది దుర్భేద్యవ్యూహముగా కూర్చుండిరి.

"కొంచెం జరగండక్కా."

ఎవరును జరుగలేదు. సూపర్‌వైజరమ్మ డబ్బా వంక చూచి, "మళ్లీ అదేనా?" అనెను.

"ఓ సుకుమారనాసికాధారులారా, మీ ముక్కుపుటములు బ్రద్దలగు గాక!" అని ఆ వీరనారి హృదయము సింహగర్జన చేసెను. నోటినుండి మాత్రము, "మా ఇంటి కూరండి. ఇక్కడే తింటా" అని వచ్చెను. నిలువుకాళ్లపైననే మూత తీసెను. లశునసౌరభమహాసేన చతుర్దిశల విజృంభించెను!

బల్ల చివర, ఖడ్గసమానకర్తరీధారియైన కటింగ్ మాస్టారు తల యెత్తెను. అందరును ఊపిరి బిగబట్టిరి.

"వేయించి దంచారా, పచ్చివే దంచారా?"

"వేయించేనండి, మాస్టారూ."

"అదే తప్పు. మా ఇంట్లో పచ్చివే."

"పచ్చివైతే ఘాటెక్కదూ?" అని బొత్తాలు కుట్టు ఆమె అడ్డు తగిలెను. "మేము నూనెలో మాడనిస్తాం."

"మాడ్చి తినడమేంటే!" అని ఆమె పక్కనున్నామె ఎద్దేవా చేసెను.

అంతలో ఎవరూహింపనివిధముగా సూపర్‌వైజరమ్మయే వాదమధ్యమున దూకెను. "మీకెవరికీ తెలీదు. పొట్టుతోనే వెయ్యాలి. మా పుట్టింట్లో అంతే." అని నాలుక కరచుకొనెను.

"మరి కంపన్నారు కదండీ?" అనెను పిల్ల.

"మా అత్తగారింట్లో ముట్టరమ్మా. ఇరవయ్యేళ్లయింది నేను తిని." ఆమె కాసేపు తన డబ్బాలోని తెల్లని అన్నమునే చూచెను. పిదప పక్కామెను మోచేతితో పొడిచి, "జరగవే, పిల్ల నిలబడే ఉంది. ఇటు రా. ఓ ముక్క ఇలా వెయ్యి" అనెను.

పదిమందియు ఒక్కొక్క వ్రేలెడు జరిగిరి. జానెడు చోటు వెలువడెను!

దానిపై సగము కూర్చుండి, సగము గాలిలో వ్రేలాడుచు, కాజాల వీరనారి తొలిముద్ద మ్రింగెను. దిగంతములు గెలిచిన సార్వభౌములు లోకమున కోకొల్లలు. భోజనవేళ, నిండిన బల్లపై, పదిమందిని జరిపించినది మాత్రము ఈమె యొక్కతె. జయోస్తు!