గాలం కర్రతో ఉంగరం వేట

గురజాల మస్తాన్‌రావు ఆ ఉదయం పెట్టుకున్న పనులు రెండే. ఇంటి పక్క కల్లంలో లారీకెక్కించిన మిరపకాయల బస్తాల్ని గుంటూరు పంపడం, మధ్యాహ్నం రైలుకొచ్చే మామగారికి ఎదురెళ్లడం. కాఫీ గ్లాసు అందిస్తూ భార్య రాజేశ్వరి అతని వేలు చూసింది. పెళ్లిలో మామగారు పెట్టిన ఉంగరం లేదు.

"నిన్న బస్తాలు తొక్కేటప్పుడు జారిపోయుంటదే!"

"మా నాయనిచ్చిన వాచీ కూడా ఇట్టాగే పోగొట్టావు. ఆయనొచ్చేలోపు ఉంగరం వేలికి లేకపోతే, ఆయనతోనే రైలెక్కి పోతా!"

రాజేశ్వరి అన్నదంటే చేస్తుంది. మస్తాన్‌రావు నిజంగానే భయపడి, రేడియో మెకానిక్ సుభానీ దగ్గరికి పరిగెత్తాడు. మిలిటరీ వేలంలో కొన్న మెటల్ డిటెక్టర్ ఒకటి సుభానీ కొట్లో పడుంది. దాని ఇనప గొట్టం బరువు చూసి ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు.

"గొట్టం పీకేశానన్నా! సాగర్లో చేపలు పట్టే దొర గాలం కర్ర విరగ్గొట్టుకుంటే, ఆ ముక్క బిగించా. కార్బన్ ఫైబరంట, చానా తేలిక!"

"ఏంది, మరీ ఇంత పొట్టిగా ఉంది?"

"విరిగింది గదన్నా! వంగి పట్టుకో, సరిపోద్ది."

కర్ర తేలిగ్గా ఉండేసరికి మస్తాన్‌రావుకి హుషారొచ్చింది. సుభానీని ముట్టుకోనివ్వకుండా తానే లారీ ఎక్కి మొదటి బస్తా మీదికి వంగాడు. డిటెక్టర్ కుయ్యిమంది. బస్తా విప్పి కుమ్మరిస్తే ఉంగరం లేదు. రెండోదీ కుయ్యిమంది, మూడోదీ అంతే. లారీ ఖాళీ అయి కల్లం ఎర్రబడింది. వీధి వీధంతా తుమ్ములు. చివరికి ఖాళీ నేల మీదా కుయ్యిమంది.

"కింద లంకెబిందెలున్నయ్‌రోయ్!" అని అరిచారెవరో. ఇంకేముంది, పలుగులూ పారలూ దిగాయి.

స్టేషన్లో ఎవరూ కనపడక మామగారు రిక్షా కట్టించుకుని వచ్చేసరికి, కల్లంలో మోకాల్లోతు గొయ్యి, అందులో అల్లుడు.

"ఏందల్లుడూ ఇది?"

మస్తాన్‌రావు ఉత్త వేలు వెనక్కి దాచుకుని, "బంగారం, మామయ్యా!" అన్నాడు.

"ఏదీ, ఇటియ్యి!" అని మామగారు డిటెక్టర్ లాక్కుని గొయ్యంతా తిప్పారు. చప్పుడు లేదు. మిరపకాయల మీద తిప్పారు. లేదు. విసుగొచ్చి అల్లుడి వైపు తిరిగారు. అతని నడుం దగ్గర కుయ్యిమంది.

మస్తాన్‌రావు నెమ్మదిగా మొలతాడు తడుముకున్నాడు. వేలు కారానికి మండుతుందని, నిన్న బస్తాలు తొక్కే ముందు ఉంగరం తీసి మొలతాడుకి ముడేసుకున్నది తానే.

"చూశావా అన్నా! నా మిషన్ ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలా!" అన్నాడు సుభానీ, తుమ్ముల మధ్య.

రాజేశ్వరి రైలెక్కలేదు. బస్తాలన్నీ మళ్లీ నింపి కుట్టేదాకా తండ్రినీ ఎక్కనివ్వలేదు.