పసుపు అద్దని కార్డు

బుధవారం పొద్దున్న రెండో కాఫీ తాగి గణపతిరావు శ్రీకూర్మం ఫైలు తెరిచాడు. దానికి రెండేళ్ళ వయసుంది. అట్ట మీద ఎర్రసిరాతో "అమ్మగారి మొక్కు" అని రాసి, కింద గీత గీసి, ట్యాగు కట్టి ఉంచాడు. విజయనగరంలో సర్కారు కచేరీ గుమాస్తాలు వీధికి నలుగురుండవచ్చు గాని, ఇంట్లో కూడా ఫైళ్ళు నడిపేవాడు ఇతనొక్కడేనని అతని భార్య పద్మకుమారి నమ్మకం. ఆ ఫైలులో బస్సుల వేళలున్నాయి, సత్రం గదుల వివరాలున్నాయి, వెళ్ళకూడని తిథుల పట్టిక ఉంది. వెళ్ళడం ఒక్కటే లేదు.

గణపతిరావు తల్లి సుభద్రమ్మకు ఇద్దరు కొడుకులు. సాలూరులో లారీ నడిపించుకుంటున్న పెద్దకొడుకు జగన్నాధం దగ్గర ఏడాదిలో ఆర్నెల్లు, చిన్నకొడుకు దగ్గర ఆర్నెల్లు అని ఒప్పందం. అరవయ్యారు ఉగాదికి ఇక్కడికి వచ్చిన మూడో వారంలో ఆవిడ నూతి దగ్గర జారిపడి, మంచం మీద నుంచే కూర్మనాథుడికి మొక్కేసింది. కాళ్ళు తిన్నగా నడిస్తే ముందు నీ గడపే తొక్కుతాను, పన్నెండుమందికి అన్నం పెడతాను, అంతవరకూ ఇంకే గడపా తొక్కను అని. కాళ్ళు రెండు నెలల్లో బాగుపడ్డాయి. గడప సంగతి అలాగే ఉండిపోయింది. ఇప్పుడు అరవయ్యెనిమిది మాఘమాసం. దేవుడితో వ్యవహారం కదా అని సాలూరువాళ్ళు కూడా తొందరపెట్టలేదు.

పద్మకుమారికి అత్తగారంటే కోపమేమీ లేదు. ఆవిడ చెప్పేవన్నీ నిజాలే. పులుసులో బెల్లం ఎక్కువైందన్నది నిజం. వారపత్రిక చదువుతూంటే పాలు పొంగిపోయాయన్నది నిజం. లేచింది మొదలు పడుకునేదాకా నిజాలు వింటూ బతకడం కష్టమని మాత్రమే ఆమె అభిప్రాయం. మొక్కు తీరితే ఆవిడ ఆర్నెల్లు సాలూరు గడప తొక్కుతుంది. ఆ ఆర్నెల్లలో చదవాల్సిన నవలల జాబితా ఒకటి ఆమె కందిపప్పు డబ్బాలో దాచుకుంది.

"డోలోత్సవం జనం పడకముందే వెళ్ళిరావాలి" అన్నాడు గణపతిరావు కార్డు తీస్తూ. "ముందుగా రాయకుండా పోతే అక్కడ ఏ పనీ అవదు."

శ్రీకూర్మంలో వాళ్ళకు తెలిసిన చిరునామా ఒక్కటే, నారాయణమూర్తి పంతులుగారిది. ఎనిమిదేళ్ళ కిందట గణపతిరావు తండ్రి అస్థికలు అక్కడి పుష్కరిణిలో కలిపించి కర్మ చేయించింది ఆయనే. ఆ ఊరికి స్వామి దర్శనానికి వచ్చేవాళ్ళెందరో, పోయినవాళ్ళ కర్మలకు వచ్చేవాళ్ళూ అందరే. పంతులుగారు ఈ రెండోరకం వాళ్ళ పేర్లూ చిరునామాలూ ఒక లావుపాటి పుస్తకంలో రాసి పెట్టుకుంటాడు.

గణపతిరావు కార్డు పూర్తిచేసి, భార్యకు చదివి వినిపించాడు.

"విషయము: శ్రీమతి సుభద్రమ్మ, వయస్సు 71, నాగేశ్వర గోత్రము. పైన కనబరచినవారి నిమిత్తము ఈ నెల 22వ తేదీ గురువారము వచ్చుచున్నాము. ఆచారము ప్రకారము జరుగవలసిన ఏర్పాట్లన్నియు చేసి యుంచవలెను. పన్నెండుమందికి భోజనము. జవాబు కోరడమైనది. గణపతిరావు, రెండవ కుమారుడు."

"మొక్కు అని రాయలేదేం?" అంది పద్మకుమారి.

"మొక్కు మనకీ దేవుడికీ మధ్య కాన్ఫిడెన్షియల్. పంతులుకెందుకు?"

ఆమె లోపలికి వెళ్ళి చిటికెడు పసుపు తెచ్చింది. "పైన శ్రీ పెట్టండి. నాలుగు మూలలా ఇది అద్దండి."

"తాసీల్దారుకి పంపే కాగితాలకి పసుపు రాస్తామా?"

"పంతులుగారు తాసీల్దారు కాదు కదండీ."

"పద్ధతి ఎవరికైనా పద్ధతే. కార్డు మాస్తుంది."

శ్రీకారమూ పసుపూ లేని కార్డు వస్తే చావు కబురని గుమ్మం బయటే నిలబడి చదివి, చింపేసి, తలస్నానం చేసి లోపలికి వచ్చే జనం మనం. ఆ మాట పద్మకుమారి నాలుక చివరిదాకా వచ్చింది. కాని వాదన మొదలైతే కార్డు మళ్ళీ ఫైలులోకి పోతుంది, ఫైలులోకి పోయింది మళ్ళీ బయటికి రావడానికి రెండేళ్ళు పడుతుంది. ఆమె పసుపు చేతిని తన మెడకే రాసుకుని, కార్డు తీసుకెళ్ళి స్వయంగా తపాలా డబ్బాలో వేసి వచ్చింది.

వారానికి జవాబొచ్చింది. "మీ కార్డు అందినది. అన్నియు సిద్ధము చేయించెదను. లక్ష్ముడికి కూడ చెప్పినాను. అమ్మగారి పేరు మీ నాన్నగారి పేరు కింద వ్రాసుకొన్నాను. మీరు ధైర్యముగా ఉండవలెను."

"చూశావా, రికార్డు ఎంత బాగా ఉంచుతాడో" అన్నాడు గణపతిరావు.

"లక్ష్ముడెవరు?"

"వంటవాడై ఉంటాడు."

"ధైర్యమెందుకు?"

"బస్సుల్లో రద్దీ కదా."

జవాబు కార్డుకీ పసుపు లేదు. పద్మకుమారి అది చూసింది. చూసి, అత్తగారి చీరలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

గురువారం మొదటి బస్సులో శ్రీకాకుళం, అక్కడ ఇంకో బస్సు మారి, పదిగంటలకల్లా శ్రీకూర్మంలో దిగారు. సుభద్రమ్మ దారి పొడుగునా కిటికీ పక్కన కూర్చుని, ఏ ఊరి చేను ఎలా ఉందో చెబుతూనే వచ్చింది. గణపతిరావు ఆడవాళ్ళిద్దరినీ సత్రం అరుగు మీద కూర్చోబెట్టి, ఫైలు చంకన పెట్టుకుని పంతులుగారి ఇంటికి వెళ్ళాడు. అతను ఇటునుంచి వెళ్ళాడు, అరగంటకు పంతులుగారు అటునుంచి వచ్చాడు.

"విజయనగరం గణపతిరావుగారి తాలూకానా అమ్మా?" అన్నాడాయన గొంతు తగ్గించి.

"ఔను పంతులుగారూ" అంది సుభద్రమ్మ.

ఆయన కొంచెం ఎడంగా నిలబడ్డాడు. ఎనిమిదేళ్ళ కిందటి కర్మకు ఆవిడ రాలేదు గనక ఆయన ఆవిడనెప్పుడూ చూడలేదు. పద్మకుమారి పక్కనే నూతి దగ్గర చెంబు ముంచుతోంది.

"మీరు ఆవిడకేమవుతారు?"

"ఎవురికి?"

"పోయినావిడకి."

సుభద్రమ్మ చెంగు నెత్తిమీదకి లాక్కుంది. పరాయి ఊళ్ళో చావు కబురు వింటే వివరాలు కనుక్కోకుండా ఉండడం ఆవిడ ఒంటికి పడదు. "అయ్యో. ఎవురు పోనారు బాబూ?"

"సుభద్రమ్మగారు."

"నా పేరుగలదే పాపం. ఎన్నేళ్ళుంటాయేటి?"

"డెబ్బయ్యొకటి."

"నా యీడుదే." ఆవిడ కళ్ళొత్తుకుంది. "మంచాన పడిపోనాదేటి? కొడుకులు సూసుకున్నారా?"

"ఆ సంగతే తెలీడంలేదమ్మా. కార్డు రెండో అబ్బాయి రాశాడు. పెద్దాయన ఊసే లేదు. పెద్దవాడుండగా చిన్నవాడు కర్మ చేయకూడదు కదా."

"అదే ఆ ముసల్దాని కరమ. పెద్దకొడుకులంతా అంతే. మావోడూ అంతే. కోడళ్ళు సెప్పినట్టల్లా ఆడతారు."

"అందుకని నేనే పుస్తకంలో చిరునామా చూసి, సాలూరు జగన్నాధంగారికి ఓ కార్డు రాసి పడేశాను."

పద్మకుమారి చేతిలోని చెంబు నూతిలో పడింది.

సుభద్రమ్మ కళ్ళొత్తుకుంటున్న చెంగు దించింది. సాలూరు జగన్నాధం తన పెద్దకొడుకే. ఆవిడ నిదానంగా లేచి నిలబడి, "పంతులూ, ఆ సుబద్రమ్మని నానే" అంది.

పంతులుగారు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయన వృత్తిలో అటువైపునుంచి ఎవరూ వచ్చి మాట్లాడిన అనుభవం లేదు.

సరిగ్గా అప్పుడే వీధి మొదట్లో లారీ హారను వినిపించింది. తాటాకు బుట్టలతో, అరటిగెలతో, పాతికమంది చుట్టాలతో జగన్నాధం లారీ సత్రం ముందు ఆగింది. అది పూర్తిగా ఆగకముందే క్యాబిన్‌లోంచి పెద్దకోడలు నారాయణమ్మ దిగి, కళ్ళు గట్టిగా మూసుకుని, గుండె బాదుకుంటూ అరుగుమీద కూలబడింది.

"అత్తో, మాయింటికి రాకుండానే ఎలిపోనావా అత్తో. నీకోసం ఈదరుగు గదికి సున్నమేయించీసినాను అత్తో. మెత్తటి పరుపు కుట్టించీసినాను అత్తో. ఆర్నెల్లు కాదు, ఏడాదంతా నిన్ను నా కాడే ఉంచీసుకుందును కదా అత్తో."

సుభద్రమ్మ దగ్గరికెళ్ళి వంగింది. "పరుపులో దూదేనా, పీచేటే?"

"బూరుగు దూది అత్తో" అంది నారాయణమ్మ ఏడుపు ఆపకుండా. ఆ తర్వాత కళ్ళు తెరిచింది.

పాతికమంది చుట్టాలూ లారీ మీంచే తొంగిచూశారు. డ్రైవరు ఎర్రన్న ఇంజను కట్టేశాడు.

"అమ్మా, నువ్వు బతికే ఉన్నావేటే?" అన్నాడు జగన్నాధం దిగుతూ.

"నీకొచ్చిన కార్డులో లేనేమోగాని, ఇక్కడైతే ఉన్నాను."

ఈ సందడిలో గణపతిరావు వచ్చాడు. మొదట అతనెవరో భార్యే పోల్చుకోలేదు. తల నున్నగా ఉంది. ఇరవయ్యేళ్ళుగా పెంచిన మీసం లేదు. తడిపంచె కట్టుకుని, ఫైలు మాత్రం తడవకుండా పైకెత్తి పట్టుకున్నాడు. అతని వెనక కత్తుల పెట్టెతో మంగలి లక్ష్ముడు వస్తున్నాడు.

"ఏర్పాట్లు బ్రహ్మాండంగా ఉన్నాయి" అన్నాడు గణపతిరావు. "నేను వెళ్ళేసరికి లక్ష్ముడు నీళ్ళు పెట్టుకుని కూర్చునున్నాడు. మొక్కుకి మీసం కూడానా అనడిగాను. ఆచారం ఇక్కడ అంతే బాబూ అన్నాడు. ఆచారం ప్రకారమని మనమే రాశాం కదా. అన్నయ్యా, నువ్వెప్పుడొచ్చావు?"

"ఒరే" అంది సుభద్రమ్మ. "కన్నతల్లి బతికుండగా మీసం గొరిగించీసుకున్నావేట్రా సచ్చినోడా."

గణపతిరావుకు సంగతి అర్థమవడానికి నలుగురు నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది. అర్థమయ్యాక అతను ఫైలు విప్పి, కార్డు నకలు తీసి పంతులుగారి చేతిలో పెట్టాడు. "దీన్లో తప్పెక్కడుందో చూపించండి."

పంతులుగారు రెండుసార్లు చదివాడు. "తప్పేం లేదండి. పసుపే లేదు."

జగన్నాధం తన ఒత్తయిన జుట్టు తడుముకుంటూ లక్ష్ముడికి దూరంగా జరిగాడు.

ఇక మిగిలింది అసలు ప్రశ్న. పోయిందని పేరు రాసుకున్న మనిషి గుడిలోకి వెళ్ళవచ్చునా, మైలేమైనా ఉందా? పంతులుగారు కాసేపు వేళ్ళు లెక్కపెట్టి, చనిపోయినవాళ్ళు లేనప్పుడు మైల పట్టేవాళ్ళూ లేరని తేల్చాడు. "పైగా ఇలాంటి కబురు పుడితే ఆయుష్షు పెరుగుతుందమ్మా, ఇంకో పాతికేళ్ళు తిరుగులేదు" అన్నాడు. పద్మకుమారి, నారాయణమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆ పొస్తకంలో నా పేరు కొట్టీ బాబూ" అంది సుభద్రమ్మ.

"కొట్టేస్తే అశుభం. పేరుంచి తేదీ ఖాళీగా వదిలేస్తాను."

ఆవిడ స్నానం చేసి, పాతికమంది చుట్టాలు వెంట రాగా, గడప తొక్కింది. గుళ్ళో తిరిగే తాబేళ్ళకు తోటకూర పెట్టింది. కర్మ కోసమని వండిన వంట మొక్కు కోసమని వడ్డించారు. పన్నెండుమందికన్నది పాతికమంది తిన్నారు. గుమ్మడికాయ కూరలో ఉప్పు తక్కువైందని సుభద్రమ్మ చెప్పింది. అది నిజమే.

భోజనాలయ్యాక ఆవిడ నేరుగా లారీ దగ్గరికెళ్ళింది. "ఒలే నారాయణమ్మా, నా మూట అందుకో. పరుపు సూడాల."

ఏడాదంతా ఉంచుకుంటానన్నది లారీడు జనం విన్న మాట. నారాయణమ్మ మూట అందుకుంది. సుభద్రమ్మ క్యాబిన్‌లో కూర్చుని, "ఎర్రన్నా, సాలూరు పోనీ. గోతుల్లో నిదానం" అంది. లారీ మలుపు తిరిగేదాకా పద్మకుమారి భక్తిగా చూసి, గాలిగోపురం వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

విజయనగరం వచ్చాక మొదటి వారం ఆమె రెండు నవలలు చదివింది. పాలు మూడుసార్లు పొంగాయి, ఎవరూ చెప్పలేదు. మీసం పూర్తిగా మొలిచేదాకా కచేరీలో వచ్చిన పరామర్శలన్నిటికీ గణపతిరావు ఒక్కటే సమాధానం చెప్పాడు, అమ్మ కులాసాగా ఉందని. వాళ్ళు అతన్ని మరీ జాలిగా చూసేవారు.

పంతొమ్మిదో రోజున సాలూరు నుంచి కార్డు వచ్చింది. పైన శ్రీ ఉంది. నాలుగు మూలలా నిండుగా, తడి ఆరకముందే తపాలాలో వేసినట్టు, పసుపుంది.

"చిరంజీవి తమ్ముడికి, ఇక్కడ అందరము క్షేమము. అమ్మకు నడుము పట్టినది. బూరుగుదూది సరిపడలేదట. తగ్గితే సింహాచలం అప్పన్న గడపే తొక్కుతానని, ఆ లోపల ఇంట్లోవారెవ్వరూ తన మాటకు ఎదురు చెప్పరాదని మొక్కినది. నడుము నిన్న తగ్గినది. సింహాచలం మీకు దగ్గర. దర్శనం ఏర్పాట్లు నీ అంత బాగా ఎవరూ చేయలేరని మీ వదిన అంటున్నది. గురువారము అమ్మను లారీలో తెచ్చి దింపెదము."

గణపతిరావు ఉత్సాహంగా కొత్త అట్ట తీసి ఎర్రసిరా కోసం వెతకసాగాడు. పద్మకుమారి నవలలో పేజీ మడతపెట్టి లేచింది.

"ఫైలు మీరు చూసుకోండి, ఉత్తరం నేను రాస్తాను" అంది. "మీ పద్ధతిలోనే రాస్తాను."

సింహాచలం పురోహితుడికి వయస్సు, గోత్రము, తేదీ అన్నీ తప్పులేకుండా రాసి, పెద్దకొడుకు సాలూరు చిరునామా కూడా స్పష్టంగా వేసి, ఆమె కార్డును తపాలా డబ్బాలో వేసి వచ్చింది.

పసుపు మాత్రం అద్దలేదు.