తాటేశా, బండన్నా?

ఆ అడవి చాలా పెద్దది. తూర్పు అంచున అడవికోడి కూస్తే పడమటి అంచున వినపడదు. పుకారు మాత్రం పొద్దెక్కేలోపే అటు చేరి, ఇంకాస్త ఒళ్లు చేసి తిరిగొస్తుంది.

అడవి నడుమ ఓ వాగు. ఇవతలి ఒడ్డున ఉండేవాళ్లది వాగు జట్టు, అవతల గుట్ట మీద ఉండేవాళ్లది గుట్ట జట్టు. ఏటా ఇప్పపూలు రాలే ముందు రెండు జట్లకూ బుట్టబంతి పోటీ జరుగుతుంది. ఎదురెదురుగా ఉన్న రెండు మద్దిచెట్లకు అడుగులేని వెదురుబుట్టలు కడతారు. తీగలు చుట్టి చేసిన బంతిని ఎదుటివాళ్ల బుట్టలో వేస్తే పాయింటు. గెలిచిన జట్టు ఇప్పతోపులోకి ముందు వెళ్తుంది. ఓడినవాళ్లు ఆ తర్వాత వెళ్లి, మిగిలితే తింటారు.

మూడేళ్లుగా వాగువాళ్లకు మిగిలినవి తొక్కేసిన పూలే.

వాగు జట్టు కోచ్ కొండముచ్చు తిప్పయ్య. ఆట చూస్తుంటే అతను ఒకచోట కూర్చోలేడు. ఎవరైనా బంతి బాగా వేస్తే పక్కనున్నవాళ్లను కొరికేంత సంబరం. జట్టు పెద్ద అడవిదున్న అప్పలస్వామి అతన్ని పిలిచి, "ఈ ఏడూ ఓడామంటే నువ్వు కోచ్‌వి కాదు. ఏ చెట్టు కొమ్మో చూసుకుని వేలాడుకో" అన్నాడు.

"వేలాడడం నాకు వచ్చిన పనే కదయ్యా" అన్నాడు తిప్పయ్య. దున్న నవ్వలేదు.

ఏటా ఈడుకొచ్చిన పిల్లల్ని, ఏ ఒడ్డువాళ్లైనా సరే, రెండు జట్లూ వంతులవారీగా ఎంచుకుంటాయి. ఆ ఏడు వచ్చినవాళ్లలో అడవంతా మాట్లాడుకునేది ఇద్దరి గురించే. ఇద్దరూ భారీ మనుషులే, అంటే భారీ జంతువులే.

ఒకడు జిరాఫీ కుర్రాడు తాటేశు. సర్కసువాళ్ల లారీ ఘాట్ రోడ్డు మీద బోల్తా కొట్టినప్పుడు వాళ్లమ్మ వాణ్ణి కడుపులో పెట్టుకుని ఈ అడవికొచ్చి చేరింది. కొమ్ముల మధ్య బంతి పెట్టుకుని, తల కాస్త వంచితే చాలు, బంతి బుట్టలో పడుతుంది. ఎగరక్కర్లేదు. చిక్కల్లా బంతి కింద పడితేనే. ముందుకాళ్లు రెండూ అటూ ఇటూ చాపి, మెడ వంచి, వాడు దాన్ని అందుకునేలోపు ఎదుటి జట్టు రెండు పాయింట్లు కొట్టేసి నీళ్లు తాగి వస్తుంది.

రెండోవాడు ఏనుగు గున్న బండన్న. బుట్ట కింద నిలబడితే వాణ్ణి జరపడం గాలివాన వల్ల కూడా కాదు. తొండంతో బంతిని ఎక్కడికి విసరమంటే అక్కడికి విసురుతాడు. తను వేసే వీలున్నా, ఖాళీగా ఉన్న కుందేలుకే అందిస్తాడు. అది బుట్టలో వేస్తే చెవులు టపటపలాడించి మురిసిపోతాడు.

ఇసకతిన్నె మీద వాళ్లిద్దరి ఆటా చూసిన రోజు తిప్పయ్య మూడు చెట్లు దూకుకుంటూ దున్న దగ్గరికి పరిగెత్తాడు.

"అయ్యా! బండన్న! వాడొస్తే ఇప్పతోపు మనదే!"

"తాటేశు పొడుగు కదరా?"

"పొడుగు చెట్టుకూ ఉంటుందయ్యా. చెట్టును ఆడిస్తామా?"

"సరే, బండన్ననే తీసుకుందాం. కానీ ముందు ఎంచుకునేది గుట్టవాళ్లు" అన్నాడు దున్న.

నిజానికి ఓడిన జట్టే ముందు ఎంచుకోవాలన్నది పాత రూలు. అయితే ఆటల సంఘం అధ్యక్షుడు ఎలుగుబంటి ఎలమంద. గుట్ట జట్టు పెద్దా అతనే. 'బలమైన జట్టు ఇంకా బలపడితేనే ఆట స్థాయి పెరుగుతుంది' అని నిరుడే రూలు మార్పించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టనివాళ్ల వైపు ఎలమంద కాసేపు చూస్తే వాళ్లూ కొట్టారు.

తిప్పయ్య తోక పట్టుకుని ఆలోచించాడు. అంతలో అటుగా గోరింక గవరమ్మ వచ్చింది. అడవిలో వార్తలన్నీ మోసేది ఆమే.

"ఏం తిప్పయ్య మావా, ఇద్దరిలో ఎవరు గొప్ప?"

తిప్పయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నీ ఒక్కదానికే చెబుతున్నా. ఇంకెవరికీ చెప్పకు."

అడవి మొత్తానికి చాటించాలంటే వాడాల్సిన మాట అదే.

"తాటేశులాంటివాడు వందేళ్లకోసారి పుడతాడు. వాడికి ఇప్పుడేమీ రాదు చూడు, అదే వాడి గొప్ప. ఏమీ రానివాడికి ఎంతైనా వచ్చే అవకాశం ఉంది! బండన్నకు అన్నీ వచ్చేశాయి. ఇక వాడిలో ఏం మిగిలింది?"

"అబ్బో! లోతైన మాటే" అంది గవరమ్మ.

"ఇంకోటి. బండన్న మోకాళ్లు మెత్తన. ఎలకను చూస్తే వణుకు. మొన్న బంతిని వెలగపండనుకుని నోట్లో పెట్టుకున్నాడట."

అందులో ఒక్కటీ నిజం కాదు. చెబుతుంటే తిప్పయ్యకు మాత్రం భలే ఊపు వచ్చింది. ఆపబుద్ధి కాలేదు.

మర్నాటికి గుట్ట మీద ఎక్కడ విన్నా తాటేశు మాటే. జింకలు మెడలు సాగదీసి నడుస్తున్నాయి. ఒక తాబేలైతే ఎండలో పడుకుని రోజంతా మెడ లాక్కుంది. 'ఏమీ రాకపోవడం ఎలా నేర్చుకోవాలి?' అని నక్క క్లాసులు కూడా మొదలెట్టింది.

ఎంపిక రోజున ఎలమంద బండరాయెక్కి ఛాతీ బాదుకున్నాడు. "గుట్ట జట్టు ఎంచుకున్నది తాటేశును!"

తిప్పయ్య లోపల గంతులేస్తూ, పైకి ఏడుపు మొహం పెట్టాడు. దున్న మాత్రం నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పుకారు అతని చెవిలోనూ పడింది మరి. "అన్యాయం జరిగిపోయిందిరా తిప్పయ్యా! తాటేశు పోయాడు!"

"అయ్యా, ఆ మాటలు పుట్టించింది నేనే. మనకు కావలసినవాడు బండన్న..."

"ఊరుకో! నన్ను ఓదార్చడానికి అబద్ధాలు చెప్పకు" అన్నాడు దున్న ముక్కు చీదుతూ.

మర్నాడు సాధన మొదలైంది. కుందేలు బంతి అందించగానే బండన్న నిప్పు తగిలినట్టు దాన్ని దూరంగా విసిరేశాడు.

"అదేంట్రా?"

"దగ్గర ఉంచుకుంటే నోట్లో పెట్టుకుంటానేమోనని, బాబాయ్."

గున్న తల వంచుకుని మోకాలు తొండంతో తడిమి చూసుకుంటున్నాడు. "నొప్పేమీ లేదు. అయినా మెత్తగానే ఉందేమో అనిపిస్తోంది. నువ్వు చూడు."

"మెత్తనా లేదు, ఏమీ లేదు! నీ మోకాలు రాయిరా! అడవిలో నీ అంత ఆటగాడు లేడు!"

బండన్న చిన్న కళ్లతో అతన్నే చూశాడు. "మరి బాబాయ్, అప్పుడు గవరమ్మకు చెప్పింది అబద్ధమా? ఇప్పుడు నాకు చెబుతున్నది అబద్ధమా?"

"అప్పుడు చెప్పిందే అబద్ధం!"

"ఆవిడకు చెబితే నీకేమీ ఒరగదు కదా. నేను మాత్రం మీ జట్టువాణ్ణి. నాతో మంచిమాటలే చెప్పాలి, పాపం" అన్నాడు బండన్న మర్యాదగా. వెళ్లి చెట్టు చాటున నిలబడ్డాడు. ఆ చెట్టు వాడి చెవికి కూడా చాటు కాదు.

తిప్పయ్య ఆ రోజు ఒక్క కొమ్మ కూడా దూకలేదు. నడిచే ఇంటికెళ్లాడు.

అవతల గుట్ట మీద ఇంకో వింత జరుగుతోంది. తాటేశుకు తన గొప్పతనం మీద నమ్మకం కుదిరింది. కుదిరాక కంగారు పుట్టింది. వందేళ్లకోసారి పుట్టేవాడు బంతి కోసం కాళ్లు చాపి వంగితే ఏం బావుంటుంది? అందుకని బంతి అసలు కింద పడకుండా చూసుకోవాలనుకున్నాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోతుల చేత బంతులు వేయించుకుని, గాల్లో ఉండగానే మెడ మెలితిప్పి అందుకోవడం నేర్చుకున్నాడు. ఎవరూ వాణ్ణి కష్టపడమనలేదు. పొగిడారంతే.

పోటీ రోజు తాటేశు మెడ గాల్లో పాములా ఆడింది. బంతి నేలను తాకితే ఒట్టు. ఇటు బండన్న బుట్ట కిందికి రావడమే మానేశాడు. గుట్టవాళ్లు ఒక ఎలకను గీత పక్కన కూర్చోబెట్టారు. బండన్నకు జన్మలో ఎలకంటే భయం లేదు. కానీ భయపడతానని అందరూ అన్నారు కదా, మాట దక్కించాలన్నట్టు వణికాడు.

వాగు జట్టు చిత్తుగా ఓడింది.

"నీ కొమ్మ నువ్వు చూసుకో" అన్నాడు దున్న. తిప్పయ్య తోక భుజాన వేసుకుని బయల్దేరాడు.

వాగు దాటేలోపే ఎలమంద ఎదురొచ్చి కావలించుకున్నాడు. ఎలుగుబంటి కావలించుకుంటే ఎలా ఉంటుందో కావలించుకోబడ్డవాళ్లకే తెలుసు.

"ఏం చూపయ్యా నీది! తాటేశు గొప్పవాడని అడవిలో అందరికన్నా ముందు కనిపెట్టింది నువ్వే. మా జట్టుకు ముఖ్య నిపుణుడిగా రావయ్యా!"

తిప్పయ్య ఊపిరి పీల్చుకుంటూ, "అది... నేను..." అన్నాడు.

"చూశారా, ఎంత వినయం!" అన్నాడు ఎలమంద. మెడలో మోదుగుపూల దండ పడింది.

అలా ఏడాదిపాటు తిప్పయ్య మహా నిపుణుడిగా బతికాడు. తుమ్మితే అర్థం వెతికేవారు. ఇప్పపూలు కడుపునిండా తిన్నాడు. కానీ రోజూ సాయంత్రం గుట్ట కొనకెళ్లి కిందికి చూసేవాడు. ఇసకతిన్నె మీద బండన్న ఒక్కడే బంతి విసురుకుంటూ కనిపించేవాడు. ఎవరూ చూడనప్పుడు ఒక్క బంతీ తప్పేవాడు కాదు. ఎవరైనా అటు వస్తే బంతి వదిలేసి, గడ్డి పీకుతున్నట్టు నటించేవాడు.

అది చూసినప్పుడల్లా తిప్పయ్యకు తిన్న పూలు చేదెక్కేవి.

మళ్లీ పోటీలు దగ్గరపడ్డాయి. రెండు ఒడ్లవాళ్లూ చేరిన సభలో గవరమ్మ రెక్కలు సర్దుకుని అడిగింది. "నిపుణులవారూ! అందరికీ తెలిసిందే అయినా మీ నోట వినాలని. తాటేశా, బండన్నా?"

గుట్ట జట్టంతా చప్పట్లకు చేతులు సిద్ధం చేసుకుంది. గుంపు వెనక బండన్న తనను కాదన్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు. వాడి చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

తిప్పయ్య మెడలో దండ తీసి పక్కన పెట్టాడు.

"బండన్న" అన్నాడు. "మొదట్నుంచీ బండన్నే. వాడు బుట్ట కింద నిలబడితే మన జట్టు మొత్తం కలిసి తోసినా కదలడు. వాడు విసిరిన బంతి తప్పడం నేనింతవరకూ చూడలేదు. వాడు మన జట్టులో లేకపోవడం మన దురదృష్టం."

చప్పట్లకు లేచిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

ఎలమంద ముక్కుపుటాలు ఎగరేశాడు. వాగువాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "ఎదుటి జట్టు నిపుణుడే ఒప్పుకున్నాడంటే నిజమే అయ్యుండాలి!" అన్నాడు అప్పలస్వామి. "నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను" అని కూడా కలిపాడు.

బండన్న మెల్లగా ఇటు తిరిగాడు. చెవులు ఒక్కసారి టపమన్నాయి.

తాటేశు ఆ ఎత్తు నుంచి తల దించి తిప్పయ్య చెవి దగ్గర పెట్టాడు. "అయితే నేను రెండోవాణ్ణా?"

"రెండోవాడివే. ఎందుకంటే నువ్వు వాడితో ఇంకా సరిగ్గా ఆడలేదు" అన్నాడు తిప్పయ్య.

తాటేశు తల పైకెత్తి, "అయితే ఆడదాం" అన్నాడు. వాడి కళ్లు మెరిశాయి.

ఆ ఏటి పోటీని అడవి ఇప్పటికీ చెప్పుకుంటుంది. గుట్టవాళ్లు ఎలకను మళ్లీ తెచ్చి గీత పక్కన పెట్టారు. బండన్న తొండంతో దాన్ని సుతారంగా ఎత్తి, తన నెత్తిన కూర్చోబెట్టుకుని ఆడాడు. ఎలక అక్కణ్ణుంచి ఆట చూస్తూ వాగు జట్టుకే ఈలలు వేసింది. తాటేశు మెడ మెలితిప్పితే బండన్న తొండం అడ్డు. బండన్న విసిరితే తాటేశు తల అడ్డు. ఇద్దరూ ఢీకొని కిందపడి, పడ్డచోటే పకపకా నవ్వారు. నేల అదిరి బుట్టలు రెండూ ఊగాయి.

చివరికి బండన్న తను వేయగలిగిన బంతిని కుందేలుకు అందించాడు. అది ఎగిరి వేసింది. వాగు జట్టు గెలిచింది.

తిప్పయ్య తనెవరి మనిషో మరిచిపోయి చెట్టు మీంచి చెట్టు మీదికి దూకుతూ, సంబరం పట్టలేక పక్కనున్న ఎలమంద చెవి కొరికాడు.

ఎలమంద అతన్ని ఆ క్షణానే పీకేశాడు. వాగువాళ్ల దగ్గరికెళ్తే అప్పలస్వామి అడ్డంగా తల ఊపాడు. "వద్దు నాయనా. నువ్వు మా జట్టులో ఉంటే నీ మాట మావాడు నమ్మడు. నువ్వు అవతలే ఉండి మమ్మల్ని పొగుడు."

అటూ ఇటూ కాక తిప్పయ్య వాగు మధ్య బండరాయి మీద కూర్చున్నాడు. కాసేపటికి ఒడ్డున నీడ పడింది. బండన్న తొండం నిండా తాజా ఇప్పపూలు తెచ్చి అతని ఒళ్లో కుమ్మరించాడు.

"బాబాయ్, ఇప్పుడు నువ్వు ఎవరి జట్టూ కాదు కదా. నిజం చెప్పు, నేను బాగా ఆడానా?"

"పరవాలేదు" అన్నాడు తిప్పయ్య నోటినిండా పూలతో. "ఎడమవైపు కాస్త నెమ్మది."

బండన్న చెవులు టపటపలాడించుకుంటూ, ఎడమవైపు సాధన చేయడానికి ఇసకతిన్నె మీదికి పరిగెత్తాడు.

నీతి: మీ పిల్లలు బాగుపడాలంటే మీరు పొగిడి లాభం లేదు, పొగడడానికి ఎదుటి జట్టులో ఒక మనిషిని పెట్టుకోండి.