ముప్పై రెండు మందికి ఒక క్షమాపణ

నీటి సరఫరా ఆఫీసు సూపరింటెండెంటు ఆ ఉదయం రెండు పనులు పెట్టుకుని ఇంట్లోంచి బయలుదేరాడు. ఒకటి, కొత్తగా వచ్చిన ప్రింటరులో స్కాన్ చేసిన కాగితాలు నేరుగా కంప్యూటర్లలోకి చేరేలా చేయడం. రెండు, భార్యకు రాస్తున్న క్షమాపణ ఉత్తరం సాయంత్రంలోగా ముగించడం. మొదటిది కష్టమనీ, రెండోది మరీ కష్టమనీ ఆయనకు తెలుసు.

భార్య చిన్నపిల్లల బడిలో టీచరు. తొమ్మిది రోజులుగా ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే చీటీ మీద రాసి బల్ల మీద పెడుతోంది. "కూర వేడి చేసుకోండి." "గొడుగు మర్చిపోకండి." ఇరవై ఆరేళ్ల కాపురంలో వ్యవహారం ఉత్తర ప్రత్యుత్తరాల దాకా రావడం అదే మొదలు. కారణమేమిటో ఆయనకు తెలుసు. పోయిన వారం మంగళవారం పొద్దున, బూట్లు తొడుక్కుంటూ, "నీకేంలే, పిల్లలతో ఆడుకుని వచ్చే ఉద్యోగం" అన్నాడు. అన్న మరుక్షణం నాలుక్కరుచుకున్నాడు. తప్పయిందని మాత్రం అనలేకపోయాడు. ఆ మాట ఆయన నోట ఎవరూ, ఎప్పుడూ వినలేదు.

అందుకే కాగితం మీద పెడదామనుకున్నాడు. ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితాన్ని పారేయడం ఆయనకు ప్రాణం పోయినంత పని. ట్యాంకులు కడిగే తేదీల పట్టిక అచ్చయిన పాత సర్క్యులర్ ఒకటి తీసి, దాని వెనక రాశాడు. ముప్పై ఏళ్లుగా ఆఫీసు ఉత్తరాలు రాసిన చేయి కదా, "నువ్వు" అని రాయబోతే కలం మొరాయించింది.

"విషయం: మంగళవారం నాటి నా మాట తీరు - విచారం తెలియజేయుట గురించి. తమరు చేసే పనిని నేను తేలిక చేసి మాట్లాడాను. తమరు లేకపోతే ఇక్కడ ఒక్క రోజు కూడా గడవదని నాకు బాగా తెలుసు. ఇన్నేళ్లలో ఆ సంగతి ఒక్కసారీ పైకి చెప్పకపోవడం నా పొరపాటు. మన్నించగలరని మనవి."

కింద సంతకం పెట్టాడు. పైన ఎవరికని రాయాలో తోచక, ఆ చోటు ఖాళీగా వదిలేశాడు.

పదింటికి ప్రింటరు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కంపెనీ మనిషి ఫోన్‌లో చెబుతున్నాడు.

"ఫోల్డరు పేరు కొట్టారా సార్?"

"కొట్టాను."

"పాస్‌వర్డ్?"

"అదీ కొట్టాను. తప్పంటోంది."

"మొదటి అక్షరం పెద్దది కొట్టారా?"

"ఎంత పెద్దది?"

ఇలా ముప్పావు గంట గడిచింది. చివరికి కంపెనీ మనిషి, "అయిపోయింది సార్. ఏదో ఒక కాగితం అద్దం మీద పెట్టి, ఎక్కడికి పంపాలో ఎంచుకుని, పచ్చ బటన్ నొక్కండి" అన్నాడు.

చేతికందిన కాగితం ఆ సర్క్యులరే. పట్టిక పైకి కనిపించేలా, చదువుకోవడానికి వీలుగా, అద్దం మీద తిన్నగా సర్ది మూత వేశాడు. మెషీన్ కాగితాన్ని కింది నుంచి చూస్తుందన్న ఆలోచనే ఆయనకు రాలేదు. తెర మీద రెండు పేర్లు కనిపించాయి: "అందరూ", "ఫోల్డరు". ఫోల్డరు అందరిదీ కదా అనుకుని మొదటిది నొక్కాడు. ఆఫీసులోని ముప్పై రెండు మంది ఈమెయిళ్లను కంపెనీ వాళ్లు ఆ పేరు కింద కట్టగట్టి ఉంచారని ఆయనకెవరూ చెప్పలేదు.

మెషీన్ గుర్రుమంది. ఫోల్డరులోకి ఏమీ రాలేదు. మళ్లీ నొక్కాడు. రాలేదు. మొత్తం ఐదుసార్లు నొక్కాడు. "ఇక నా వల్ల కాదు బాబూ, మధ్యాహ్నం చూద్దాం" అని ఫోన్ పెట్టేసి, కాగితం జేబులో పెట్టుకుని తన సీటుకు వచ్చాడు.

పది నిమిషాలకు టైపిస్టు వచ్చి ఎదురుగా నిలబడింది. కళ్లు తడిగా ఉన్నాయి.

"పర్లేదు సార్. నేనేం మనసులో పెట్టుకోలేదు."

ఆయన స్కానింగ్ సంగతే అనుకున్నాడు. "పొద్దుట్నుంచీ ప్రయత్నిస్తున్నానమ్మా. నాకింతకుముందు అలవాటు లేదు."

"తెలుసు సార్. అలవాటు లేకపోయినా చేశారు చూడండి, అదీ గొప్ప" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ వెళ్లిపోయింది. మెషీన్‌కి ఇంత బాధపడతారా అని ఆయన ఆశ్చర్యపోయాడు.

తర్వాత డిస్పాచ్ గుమస్తా వచ్చాడు. కిటికీ పక్క సీటు విషయంలో ఇద్దరికీ రెండేళ్లుగా మాటల్లేవు. వచ్చి, "ఐదుసార్లు అక్కర్లేదండీ. నాకు ఒక్కసారి చాలు" అన్నాడు. వెళ్లి కిటికీ పక్కనున్న తన కుర్చీని స్వయంగా లాక్కొచ్చి, ఆయన బల్ల దగ్గర పెట్టాడు.

ఇంతలో పై అంతస్తు నుంచి ఇంజనీరు మేడం ఫోన్ చేసింది. "అంత మాట మీరు రాయాల్సింది కాదు. మంగళవారం నేనూ కాస్త గట్టిగానే అన్నాను. నేను చేసే పని కింద ఒక్కరికైనా అర్థమవుతోందంటే, చాలా సంతోషంగా ఉందండీ."

"రాయడమా మేడం?"

"మీ మెయిలేనండీ. ఐదూ చదివాను."

ఆయన గబగబా ఫోన్ పెట్టేశాడు. తన మెయిల్ తెరిచాడు. ట్యాంకుల పట్టిక ఉండాల్సిన చోట తన చేతిరాత, కొట్టివేతలతో సహా, స్పష్టంగా కనిపిస్తోంది.

మంగళవారం తానెవరెవరిని ఏమన్నాడో అప్పుడు లెక్క వేసుకున్నాడు. టైపిస్టును "టైపు చేయడం కూడా ఒక పనేనా" అన్నాడు. డిస్పాచ్ గుమస్తాను చూసి "స్టాంపులు అంటించడానికి మనిషెందుకు" అని గోడతో అన్నాడు. ఆ ఉత్తరం ఎవరికి వాళ్లకు అతికినట్టు సరిపోయింది.

జరిగిన పొరపాటు చెప్పేద్దామని లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు. హాల్లో అందరూ తలెత్తి ఆయనవైపు చూశారు. ఆ చూపుల్లో ఆయన ఎన్నడూ చూడని చనువు ఉంది. టైపిస్టు ఆ కాగితాన్ని అచ్చు తీసి తన బల్ల అద్దం కింద పెట్టుకుంటోంది.

"ఏంటి సార్?" అంది.

"ఏం లేదమ్మా. నీ టైపు బాగుంటుంది" అని కూర్చున్నాడు. రాసింది వీళ్ల విషయంలోనూ అబద్ధమేమీ కాదని కూర్చున్నాక తెలిసింది.

సాయంత్రం ఇంటికి వెళ్లి, జేబులోని అసలు కాగితాన్ని భార్య చేతిలో పెట్టి, తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె వంటింటి గుమ్మానికి ఆనుకుని చదివింది. భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకుని ఆయన కంగారుగా దగ్గరికి వెళ్లాడు. చూస్తే, నోటికి చేయి అడ్డం పెట్టుకుని చప్పుడు లేకుండా నవ్వుతోంది.

చీటీ తీసి రాసింది. "నాకు కోపమని ఎవరన్నారు? గొంతు పాడైంది. పది రోజులు మాట్లాడొద్దన్నాడు డాక్టరు. బడికి సెలవు కూడా పెట్టాను. మంగళవారం పొద్దున అంతా చెప్పానుగా. మీరు పేపరు చదువుతూ 'అలాగే' అన్నారు."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. బాత్రూంలోంచి రోజూ వినిపించే ఉప్పునీటి గరగరను కూడా ఆయన కోపం కిందే తీసుకున్నాడు. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, తన హ్యాండ్‌బ్యాగులో లోపలి అరలో దాచుకుంది. వచ్చి పక్కన కూర్చుని, ఆయన తల మీద చేయి వేసి జుట్టు నిమిరింది.

"మరి నేనన్న మాటకి నీకు బాధ కలగలేదా?" అన్నాడు మెల్లగా.

"ఏ మాట?" అని రాసింది ఆమె.

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ ఆ రోజు నిజాయితీ ఆయనకు బాగా కలిసివచ్చింది. అందుకని ఆ మాటను, అన్నది అన్నట్టుగా, ఒక్క అక్షరం పోకుండా చెప్పాడు.

డాక్టరు పెట్టిన గడువు మర్నాటితో తీరింది. ఆమె మాట్లాడటానికి మాత్రం ఇంకో మూడు రోజులు పట్టింది.