పదకొండో నంబరు బోల్టు

ఆ బోల్టులు ఇనుములో లోపం వల్ల విరగలేదు. విరగ్గొట్టింది మీరు. సూపర్‌వైజరు, సేఫ్టీ మేడం, తనిఖీ అధికారి, ఇంజనీరు, మేనేజరు: ఐదుగురూ. నేరం పెద్ద ఫిట్టరు మీదకు నెట్టి చేతులు దులుపుకుందామనుకున్నారు. కానీ ఆ సోమవారం షెడ్డులో నలభై మంది ఉన్నారు, నలభై మందికీ కళ్ళున్నాయి. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పుకుందాం.

ఆ పొద్దున పెద్ద ఫిట్టరు వేసుకున్న లెక్క చాలా మామూలుది. పదింటికల్లా మిల్లు మూతకున్న పదహారు బోల్టులూ బిగించాలి, పదకొండింటికి మిల్లు తిరగాలి. మిల్లంటే రాళ్ళను పిండిచేసే ఇనుప డ్రమ్ము, చిన్నపాటి ఇల్లంత ఉంటుంది. అతని చొక్కా జేబులో ఒక ఉత్తరం ఉంది. రెండు నెలల్లో రెండు బోల్టులు విరిగాయనీ, మూడోది విరిగితే ఇరవై రెండేళ్ళ ఉద్యోగం ఆ రోజుతో సరి అనీ దాని సారాంశం.

విరగడం ఎలా మొదలైందో కూడా చెప్పాలి. అంతకుముందు ఒకసారి ఒక బోల్టు వదులై ఊడింది. వెంటనే గోడ మీద కాగితం వెలిసింది: ఇకపై ప్రతి బోల్టుకూ ఆరు సంతకాలు, బోల్టు వదులుగా కనిపిస్తే సంతకం పెట్టిన ప్రతివారిదీ బాధ్యత. ఎక్కువ బిగిస్తే ఎవరిది బాధ్యతో ఆ కాగితంలో లేదు. ఇంకేముంది, సంతకం పెట్టేవాళ్ళంతా ముందు తమ వంతుగా పావు చుట్టు తిప్పి, గుర్తుగా తమ రంగు గీత గీసి, ఆ తర్వాతే కలం తీయడం మొదలుపెట్టారు.

పెద్ద ఫిట్టరు టార్క్ రెంచితో బిగించాడు. చాలినంత బిగియగానే అది టక్కుమంటుంది. టక్కుమన్నాక ఆపాలి, అంతే విద్య. పదహారు టక్కులు విని, బోల్టు తల మీంచి మూత మీదికి పదహారు తెల్ల గీతలు గీసి లేచాడు. అప్పటికి తొమ్మిదిన్నర.

సూపర్‌వైజరు పొడవాటి ఇనుప గొట్టం భుజాన వేసుకుని వచ్చాడు. దాన్ని పానా పిడికి తొడిగితే పసివాడి పట్టు కూడా పహిల్వాను పట్టవుతుంది.

"బాబాయ్, నీ బిగింపు మీద నాకు పూర్తి నమ్మకం."

"మరి ఆ గొట్టం ఎందుకు తెచ్చావయ్యా?"

"పిల్లలు గలవాణ్ణి బాబాయ్," అని పావు చుట్టు తిప్పి నీలం గీత గీశాడు.

సేఫ్టీ మేడం "నాదేముందండీ, కాస్త భద్రత కోసం" అంటూ మనిషిని పెట్టి తిప్పించి పసుపు గీత గీయించింది. తనిఖీ అధికారి ఎర్ర డబ్బాతో వచ్చాడు. "ఇద్దరు చూసినదాన్నే ఎక్కువ అనుమానించాలి. ఒకళ్ళని చూసుకుని ఇంకొకళ్ళు నిద్రపోతారు," అన్నాడు. ఇంజనీరు చదువుకున్నవాడు. "లెక్క ప్రకారం ఇక తిప్పకూడదు," అన్నాడు, తిప్పుతూనే. అతనిది ఆకుపచ్చ.

ఆఖరున మేనేజరు వచ్చి చొక్కా చేతులు మడిచాడు.

"సార్, వద్దు. అవి ఇప్పటికే ఏడుస్తున్నాయి," అన్నాడు పెద్ద ఫిట్టరు.

"నాది చివరి సంతకం. ఊరికే పెట్టమంటావా?"

మూడు బోల్టులు ఓర్చుకున్నాయి. నాలుగోది ఓర్చుకోలేదు. ఠప్పుమని విరిగి, దాని తల రేకుల కప్పుకు తగిలి ఇంజనీరు టీ కప్పులో పడింది. మేనేజరు వెనక్కు వెళ్ళి గ్రీజు తొట్టిలో కూర్చున్నాడు. కూర్చునే తీర్పు చెప్పాడు.

"చూశారా, వదులుగా ఉంది కాబట్టే విరిగింది."

"వదులుగా ఉన్నది ఊడుతుంది సార్. విరగదు."

"నాకు పాఠాలొద్దు. ఉత్తరం గుర్తుందా?"

"జేబులోనే ఉంది సార్."

అక్కడికక్కడే ఐదుగురితో విచారణ సంఘం ఏర్పడింది. విరగ్గొట్టినవాళ్ళే విచారణ చేస్తే ఏం తేలుతుందో అదే తేలింది: ఒక బోల్టు వదులుగా ఉందంటే మిగతావీ వదులుగానే ఉండి ఉంటాయి, కాబట్టి అన్నిటినీ ఇంకో పావు చుట్టు తిప్పాలి. తిప్పారు. ఏడోది పోయింది. పన్నెండోది పోయింది. మిల్లు ఆగిపోవడంతో బయట రాళ్ళ లారీలు గేటు దాటి వీధి మలుపు దాకా నిలిచాయి. వాటి హారన్ల మధ్య సంఘం రెండో తీర్మానం చేసింది: ఇకపై ఎనిమిది సంతకాలు.

అప్పుడు పైనుంచి మైకు పలికింది. క్రేను నడిపే ఆవిడ పెద్ద ఫిట్టరుకు స్వయానా వదిన. పొద్దుటినుంచీ ఈ సంబరమంతా తన గదిలోంచి చూస్తూనే ఉంది.

"సార్లకి నమస్కారం. విరిగిన మూడూ పోగా, పన్నెండు బోల్టులకి ఐదేసి రంగులున్నాయి. ఆయిల్ పైపు వెనక పదకొండో దానికి ఒక్క తెలుపే కనిపిస్తోంది నాకు. దాన్ని మా మరిది తప్ప ఎవరూ ముట్టుకోలేదా?"

కాగితం తీశారు. పదకొండుకు కూడా ఫిట్టరుది కాక నాలుగు సంతకాలు నిగనిగలాడుతున్నాయి.

"నేను చెయ్యి పెట్టి చూశాను," అన్నాడు తనిఖీ అధికారి.

"ఏదీ, మళ్ళీ పెట్టండి," అన్నాడు మేనేజరు, వెనక గ్రీజు తుడుచుకుంటూ.

పదకొండో బోల్టును అందుకోవాలంటే వెల్లకిలా పడుకుని పైపు కింద దూరాలి. తనిఖీ అధికారి నడుము దాకా దూరి ఇరుక్కున్నాడు. ఇద్దరు కాళ్ళు పట్టి లాగితే ఒక బూటు ముందు వచ్చింది, మనిషి తర్వాత వచ్చాడు. నిజం కూడా ఆయనతోనే బయటికి వచ్చింది. "అందదండీ. చూడకుండానే పెట్టేశాను." మిగతా ముగ్గురూ నేల చూపులు చూశారు.

పెద్ద ఫిట్టరు నిమిషంలో దూరి ఆ బోల్టు విప్పి తెచ్చాడు. ఇంజనీరు స్టోర్సునుంచి కొత్త బోల్టు తెప్పించి పక్కన పెట్టి కొలిచాడు. రెండూ ఒకటే పొడవు. మూతకు మిగిలిన పన్నెండూ విప్పి కొలిచాడు. అన్నీ గోరు మందం సాగి ఉన్నాయి.

"అంటే మనం పట్టించుకోని బోల్టు ఒక్కటే బతికిందన్నమాట," అన్నాడు.

స్టోర్సులో సరిగ్గా పదిహేను బోల్టులే ఉన్నాయి, పదకొండోది కలిపితే పదహారు. మళ్ళీ రావాలంటే నెల పడుతుంది.

"సార్, వీటిలో ఒక్కటి విరిగినా మిల్లు నెల రోజులు పడుకుంటుంది," అన్నాడు పెద్ద ఫిట్టరు. "ఈసారి నా చెయ్యి ఒక్కటే పడాలి."

మేనేజరు వీధిలో లారీల వైపు చూశాడు. "సరే. మరి సంతకాలు?"

"పెట్టుకోండి సార్. కలానికి గొట్టం తొడక్కుండా పెట్టండి."

షెడ్డంతా నవ్వింది. నవ్వకూడదనుకుంటూనే మేనేజరు కూడా నవ్వాడు. ఈలోగా క్రేను కొక్కెం కిందికి దిగి ఇనుప గొట్టాన్ని ఎత్తుకుపోయింది.

"గొట్టం నా దగ్గరుంది. కావలసినవాళ్ళు నిచ్చెనెక్కి రండి," అంది మైకు.

పదహారు టక్కులు, పదహారు తెల్ల గీతలు. మూడింటికి మిల్లు తిరిగింది. ఐదింటికి ఆపి చూస్తే ఒక్క గీత కూడా జరగలేదు, అంటే ఒక్క బోల్టూ వదులవలేదు. మేనేజరు చెయ్యి రెండుసార్లు పానా వైపు వెళ్ళింది, రెండుసార్లూ తనే వెనక్కు తీసుకున్నాడు. తర్వాత పెద్ద ఫిట్టరును పక్కకు పిలిచాడు.

"ఆ ఉత్తరం ఇటివ్వు. మూడోది విరిగింది నా చేతిలో కదా. దీని ప్రకారం పోవలసింది నేను." మడతపెట్టి తన జేబులోనే పెట్టుకున్నాడు.

ఒకరోజు బుద్ధి సరిపోదు. రేపు పొద్దున్నే గోడ మీది కాగితం చింపండి. బిగించేది ఒక్కరే, సంతకం ఒక్కటే అని కొత్తది అంటించండి. ఎక్కువ బిగించడం కూడా తప్పేనని దాని మీద పెద్ద అక్షరాలతో రాయండి. మిగతా ఐదుగురూ వచ్చి గీత చూసి వెళ్ళండి, చేతులు జేబుల్లో పెట్టుకుని. అయినా చేతులు ఊరుకోకపోతే, క్యాంటీను తలుపు పిడి మూడు నెలలుగా ఊగుతోంది, దానికింకా ఎవరి సంతకమూ లేదు.