మేకలను మేసిన బండి

కొత్త బండి కొనేవాడంత దురదృష్టవంతుడు ఈ భూప్రపంచంలో లేడు!

కోప్పడకండి. షోరూములో అడ్వాన్సు కట్టి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే రేపు పొద్దున్నే వెళ్లి వెనక్కి తెచ్చుకోండి. మీ మేలు కోరి చెబుతున్న మాట ఇది. ఇందులో నాకు రవ్వంత స్వార్థం కూడా లేదు.

అసలు కొత్త బండిలో ఏముంది? తాళం తిప్పితే స్టార్ట్ అవుతుంది, బ్రేకు తొక్కితే ఆగుతుంది, పొమ్మన్న చోటికి పోతుంది. మధ్యలో మనిషికి పనేముంది? దేవుడికి మాత్రం పనేముంది? కొత్త బండివాడు ఎత్తు ఎక్కుతూ ఏనాడైనా మనసారా దేవుణ్ణి తలుచుకున్నాడా? పాత పికప్ ఉన్నవాడు ప్రతి ఎత్తుకూ తలుచుకుంటాడు. దిగేటప్పుడు ఇంకా ఎక్కువ తలుచుకుంటాడు, బ్రేకుల సంగతి అతనికి తెలుసు కాబట్టి.

నమ్మకం కుదరకపోతే దేవరకొండ వచ్చి నూరుద్దీన్‌ను అడగండి.

నూరుద్దీన్ ఒకప్పుడు పల్లీల మండీలో బస్తాలు మోసేవాడు. మోసింది చాలనిపించి, హైదరాబాదులో ఎవరో వేలం వేసిన పాత పికప్‌ను తెచ్చుకున్నాడు. ముందు ఇద్దరు కూర్చునే జాగా, వెనక సామాన్లు వేసే తొట్టి. దాని అసలు రంగు ఏమిటన్న విషయంలో ఊళ్లో ఏ ఇద్దరి మాటా కలవదు. ఆ బండితోనే అతను బత్తాయిలు, ఆముదాలు, సీజన్ వస్తే అచ్చంపేట నుంచి సీతాఫలాలు తోలేవాడు.

ఆ బండి అతన్ని ఎంత మనిషిని చేసిందని! దేవరకొండ నుంచి డిండి దాకా ఏ బావి నీళ్లు తియ్యగా ఉంటాయి, ఏ చింతచెట్టు నీడ సాయంత్రం దాకా నిలుస్తుంది, ఏ ఇంట్లో అడిగితే గడ్డపార ఇస్తారు... అన్నీ అతనికి కంఠతా వచ్చాయి. కొత్త బండివాడికి ఇందులో ఒక్కటైనా తెలుసా? పాపం, రయ్యిమని వెళ్లిపోతాడు. అజ్ఞాని!

ఇక రిపేర్లు. ఖిల్లా దారిలో రేకుల షెడ్డు వేసుకున్న ఏసోబు దేవరకొండ బండ్లన్నింటికీ వైద్యుడు. బండి కింద దూరి, కాసేపటికి బయటికొచ్చి ఒకటే మాట అంటాడు.

"ఫికర్ జేయకు నూరుద్దీన్ భాయ్. చిన్నదే."

ఈ "చిన్నదే" అన్నమాటకు అర్థం ఒక మేక. "జర విప్పి సూడాలె" అంటే రెండు మేకలు. ఏమీ అనకుండా బీడీ ముట్టించాడంటే ఇక మంద మీద ఆశ వదులుకోవాలి!

మేకల లెక్క ఎందుకొచ్చిందంటే, నూరుద్దీన్ భార్య జన్నత్ బీ మేకలు పెంచేది. పెళ్లయి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి తోలుకొచ్చిన జంట ఆమె చేతిలో మందైంది. బండి వచ్చాక ఆ మంద సన్నగా కరగడం మొదలైంది. రేడియేటర్‌కు నల్ల మేక పోయింది. గేరు డబ్బాకు కొమ్ముల మేకా, దాని చెల్లెలూ పోయాయి. ఎవరింటికైనా వెళితే మనుషుల యోగక్షేమాలు అడుగుతారు. ఆ ఇంటికి వెళ్లినవాళ్లు మాత్రం "ఇంకా ఎన్ని మిగిలినయ్?" అని అడిగేవారు.

"గడ్డేస్తె తినదు, డీజిలు పోస్తె సాలదు. నా మేకలే గావాలె దానికి! గీ నాలుగు చక్రాల తోడేలును యాడికెల్లి దెచ్చినవ్?" అనేది జన్నత్ బీ.

నూరుద్దీన్ నవ్వి ఊరుకునేవాడు. మనసులో మాత్రం చివుక్కుమనేది. ఆ బండి తన సొంతం. మండీలో ఒరేయ్ అని పిలిచినవాళ్లే ఇప్పుడు నూరుద్దీన్ సేట్ అంటున్నారు. ఆ పిలుపు కోసం ఎన్ని మేకలైనా ఇవ్వవచ్చని అతని లెక్క. మేకలు తనవి కావు కదా!

బండికి సెల్ఫు పనిచేసేది కాదు. అంటే, నొక్కగానే ఇంజన్‌ను లేపే మీట ఉన్నా ఇంజన్ లేచేది కాదు. ఎవరో ఒకరు తోయాలి. మొదట్లో ఒకనాడు అంగడి దగ్గర నలుగురు తోస్తే, నూరుద్దీన్ మొహమాటానికి "తోసినోళ్లకు కిరాయి లేదు, ఎక్కుండ్రి" అన్నాడు. తెల్లారేసరికి అది ఊరి చట్టమైంది! డిండిలో చేపలు పట్టుకొచ్చి అమ్ముకునే ఈదమ్మ, పశువుల బేరగాడు మల్లప్ప, వాళ్ల వెనక ఇంకో పదిమంది రోజూ పొద్దున్నే చేతులు దులుపుకుని సిద్ధంగా నిలబడేవారు. తోసేవారు. ఎక్కేవారు. బరువుకు బండి కింద కుదుపులు ఆపే కమాను పట్టీలు విరిగేవి. పట్టీలకు ఇంకో మేక పోయేది. కొత్త బండివాడి కోసం ఇంతమంది ఇంత నియమంగా పొద్దున్నే లేచి వస్తారా, చెప్పండి!

అలాంటి రోజుల్లో అచ్చంపేట నుంచి కబురొచ్చింది. జన్నత్ బీ తల్లి ఇక్బాల్ బీకి కంటి ఆపరేషన్ అయింది. పొర తీసేశారు, చూపు తేటగా వచ్చింది. ఆ ముసలమ్మ ఒకటే కోరిక చెప్పి పంపింది.

"నా బిడ్డ మొగని బండ్లకెల్లి దిగంగ గీ కండ్లతోని సూడాలె. ఇన్నొద్దులు అల్లుడు బండి మీద తిరుగుతుండా, బండి అల్లుని మీద తిరుగుతాందా నాకు సమజ్ గాలే."

ఆ మాట నూరుద్దీన్‌కు సూటిగా తగిలింది. నిజమే, బండి కొన్నప్పటి నుంచి ఒక్కసారీ అత్తగారింటి దాకా వెళ్లలేదు. వెళ్లిన ప్రతిసారీ బస్సులో వెళ్లి, బండి దేవరకొండలో బాగానే ఉందని చెప్పి రావడమే. సెల్ఫు బాగు చేయిద్దామన్నాడు. ఏసోబు చూసి చిన్నదే అన్నాడు. ఇంట్లో మిగిలింది ఒక్క చుక్క మేక, నుదుట తెల్లమచ్చ ఉన్నది. పొద్దుటి చాయ్‌కి పాలు దానివే.

జన్నత్ బీ వెళ్లి చుక్క మేకకు పిడికెడు గడ్డి వేసి వచ్చింది. తర్వాత అంది.

"అమ్ముకో. గని నాదొక షర్తు. అచ్చంపేట దాంక బండి మీద తోసేటి చెయ్యి ఒక్కటి పడొద్దు. పడ్డదంటె బండి అమ్మాలె, నా మేకలు నాకు తేవాలె. కబూలా?"

"కబూల్!" అన్నాడు నూరుద్దీన్. నిఖా రోజున కూడా ఆ మాట అంత గట్టిగా అనలేదట.

చుక్క మేకను తోలుకుపోతుంటే జన్నత్ బీ బయటికి రాలేదు. లోపల కూర్చుని ఏడ్చింది.

అంగడి రోజు పొద్దున సెల్ఫు నొక్కగానే బండి ఘుర్రుమంది. నూరుద్దీన్‌కు ఒళ్లు పులకరించింది. ఆపేసి మళ్లీ నొక్కాడు. పక్కింటివాళ్లను పిలిచి నొక్కి చూపించాడు. చాయ్ హోటలు ముందు ఆపి నొక్కాడు, మసీదు మలుపులో ఆపి నొక్కాడు, మండీ దగ్గర తనను ఒరేయ్ అన్న సేటు ముందు ప్రత్యేకంగా ఆపి నొక్కాడు. ఉన్నదాన్ని నలుగురికి చూపించకపోతే అది ఉండి ఏం లాభం?

అంగడి దగ్గర ఈదమ్మ, మల్లప్ప, మిగతావాళ్లు ఎప్పటిలాగే కొంగు దోపుకుని, చేతులు చాచి వచ్చారు.

"జరుగుండ్రి, జరుగుండ్రి! ఇగ తోసుడు అక్కర్లే!" అన్నాడు నూరుద్దీన్, మీట మీద వేలు పెట్టి.

ఈదమ్మ ముఖం మాడిపోయింది. "గట్లనా సాయిబూ? మా రెక్కల మీద ఇన్నేండ్లు నడిచిన బండి. ఇయ్యాల మేం అక్కరకు రాకుంట పోయినమా? పో, పో. మాకు బస్సు లేదా?" అంది. బండి ఖాళీ తొట్టితో గడగడలాడుతూ వెళ్లిపోయింది.

డిండి దాటింది. ఇంజన్ పాట పాడుతోంది. జన్నత్ బీ ముందు సీట్లో కొత్త చీర కట్టుకుని కూర్చుంది. నూరుద్దీన్ ఆమె వైపు చూస్తే, చాలా రోజుల తర్వాత ఆమె కొంచెం నవ్వింది. అంతలో రోడ్డు పక్కన మేకల మంద కనపడింది. అందులో ఒకదానికి, అచ్చం చుక్క మేకకున్నట్టే, నుదుట తెల్లమచ్చ.

"అజీ, జర ఆపు" అంది. ఆపాడు. మేకలు భయపడతాయని ఇంజన్ కూడా ఆపాడు. ఆమె దిగి ఆ మేక మెడ నిమిరి వచ్చి కూర్చుంది. నూరుద్దీన్ దర్జాగా మీట నొక్కాడు.

టక్కుమంది.

మళ్లీ నొక్కాడు. మళ్లీ టక్కే. సెల్ఫు బాగానే ఉంది. ఊరందరికీ చూపించి చూపించి బ్యాటరీని పీల్చేశాడు మహానుభావుడు! మేకలన్నీ తలలు తిప్పి బండి వైపు చూశాయి. వాటి బంధువుల సంగతి వాటికి తెలిసినట్టే ఉంది.

నూరుద్దీన్ కిందికి దిగి, తనే భుజం పెట్టబోయాడు.

"నీ చెయ్యి సుత చెయ్యే" అంది జన్నత్ బీ.

ఎండ ఎక్కింది. దేవరకొండ నుంచి అచ్చంపేట బస్సు వచ్చి ఆగింది. కిటికీలోంచి ఈదమ్మ తల బయటికొచ్చింది.

"ఏం సాయిబూ, నీ సెల్ఫు యాడికి పోయింది? తొయ్యాల్నా, పోవాల్నా? కండక్టరు తొందర వెడుతుండు."

జన్నత్ బీ తన మూట తీసుకుని బస్సు వైపు నడిచింది. ఆమె బస్సెక్కితే సరిపోతుంది. షర్తు తప్పినట్టు కాదు, బండి నిలుస్తుంది, నూరుద్దీన్ సేటుగానే ఉంటాడు. అతనికి అది తెలుసు. కానీ అచ్చంపేటలో ఒక ముసలమ్మ పొద్దుటి నుంచి గడపలో కుర్చీ వేసుకుని, ఈ బండి కోసం కొత్త కళ్లు పెట్టుకుని చూస్తోందని కూడా తెలుసు.

"ఆగు. బండ్లె కూసో" అన్నాడు. బస్సు వైపు తిరిగాడు. "తొయ్యుండ్రమ్మా."

అదే చాలు! బస్సులోంచి బిలబిలమని దిగారు. అచ్చంపేటకు టికెట్టు తీసుకున్నవాళ్లు కూడా దిగారు. పొద్దుటి కోపం ఎవరికీ గుర్తులేదు. తోశారు, ఎక్కారు. తీరా ఇక్బాల్ బీ ఇంటి సందు మలుపులో బండి మళ్లీ ఆగిపోతే, దిగి, కేకలు వేస్తూ గడప దాకా తోసుకొచ్చారు.

నల్లద్దాల ముసలమ్మ లేచి నిలబడింది. ముందు సీట్లో బిడ్డ, వెనక ఇంత జనం, చేపల గంపతో ఈదమ్మ.

"యా అల్లా! నిఖానాడు సుత గింత బరాత్ రాలే!" అంది.

జన్నత్ బీ దిగి తల్లిని వాటేసుకుంది. "ఏడ్వకమ్మీ, ఆపరేషన్ కండ్లు ఖరాబైతయ్" అంటూ తనే వెక్కి వెక్కి ఏడ్చింది. నూరుద్దీన్ బానెట్ మీద చెయ్యేసి, ముఖం అటు తిప్పుకున్నాడు.

చూశారా? కొత్త బండి ఇలాంటి రోజు చూపించగలదా?

షర్తు మాత్రం షర్తే. తిరిగొచ్చిన వారంలోనే నూరుద్దీన్ బండి అమ్మేశాడు. చుక్క మేక మళ్లీ ఇంటికొచ్చింది. వెంట ఇంకొన్ని వచ్చాయి. ఆ ఇంట్లో ఇప్పుడు చాయ్‌లో పాలే ఎక్కువ. నూరుద్దీన్ అచ్చంపేటకు బస్సులోనే పోతాడు, కిటికీ పక్కన కూర్చుని హాయిగా నిద్రపోతాడు.

మరి ఆ బండి ఎవరు కొన్నారంటారా?

బత్తాయి తోట ఉంది కదా, కాయలు తోలుకోవచ్చు కదా అని ఆశపడిన ఒక అమాయకుడు కొన్నాడు. "ఏమైనా రిపేర్లున్నాయా?" అని అడిగితే నూరుద్దీన్ అతని కళ్లలోకి సూటిగా చూసి, "చిన్నయే సారూ" అన్నాడు. ఇప్పుడు పొద్దున్నే ఈదమ్మ ఆ అమాయకుడి గుమ్మం ముందుకొచ్చి, "బండి నీదైతె అయింది, తోసుడు మాత్రం మాదే" అంటోంది. నిన్న ఏసోబు బండి కిందినుంచి లేచి, ఏమీ అనకుండా బీడీ ముట్టించాడు.

అయ్యా, మా ఇంట్లో మేకలు లేవు. ఉన్నది మా ఆవిడ కుట్టుమిషను ఒక్కటే. అది పోతే ఈసారి షర్తు ఆవిడ పెడుతుంది.

అందుకే, మీ మేలు కోరి మళ్లీ చెబుతున్నాను, కొత్త బండి కొనకండి. అద్భుతమైన పాత పికప్ ఒకటి నా దగ్గర సిద్ధంగా ఉంది. తోసేవాళ్లను కూడా దాంతోపాటే ఇస్తాను!